వాత పెట్టని చెయ్యి

పాతలంక (ఉయ్యూరు మీదుగా),
1974 డిసెంబరు 2

నా తల్లి అమలకు,

ఇన్నాసి బాగున్నాడు. ముందు ఈ ముక్క రాయకపోతే నువ్వు ఉత్తరమంతా కళ్ళతో వెతికేస్తావే గానీ చదవవు. నీ కొడుక్కి దవడపళ్ళు వస్తున్నాయి. చేతికి అందిందల్లా కొరుకుతున్నాడు. నిన్న మీ మేనత్త తెరేసమ్మ జపమాల నోట్లో పెట్టుకుని ఇవ్వనని భీష్మించుకు కూర్చున్నాడు. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంటే మీ నాన్న నవ్వారు. దాంతో అన్నాచెల్లెళ్ళిద్దరూ రోజంతా మాట్లాడుకోలేదు. అల్లుడుగారి రైలు డ్యూటీలూ నీ ఆస్పత్రి డ్యూటీలూ ఒక కొలిక్కి వచ్చేదాకా వాడు ఇక్కడ హాయిగా ఉంటాడు. బెంగపెట్టుకోకు.

ఇంకో సంగతి రాయాలి. నా గొప్ప నేను చెప్పుకోకూడదు గానీ, కూతురివి, నీకు కాక ఎవరికి చెప్పుకుంటాను? మొన్న చెరుకు కొట్టే ఇశ్రాయేలు, వాళ్ళ పిల్ల మార్తని భుజాన వేసుకుని పరుగున వచ్చాడు. వెనకే అతని పెళ్ళాం దానమ్మ, చంకలో చంటిపిల్లాడితో. మార్తకి రెండేళ్ళు దాటి ఉంటాయి. ముందురోజు నుంచీ వాంతులు, నీళ్ళ విరోచనాలు. ఆ పొద్దున కాళ్ళూ చేతులూ బిగదీసి కొట్టుకుని, కళ్ళు తేలేసి, కాసేపటికి తేరుకుందట. మన వాకిట్లోకి వచ్చాక మళ్ళీ ఫిట్టు వచ్చింది. దానమ్మ నా కాళ్ళ మీద పడిపోయింది. నేను కంగారు పడతానా? పసుపుకొమ్ము నిప్పుల్లో కాల్చి, మరియమ్మ తల్లిని తలుచుకుని, బొడ్డు పక్కన ఒకే ఒక్క వాత పెట్టాను. సాయంత్రం దాకా చుక్క నీళ్ళు పొయ్యొద్దని కట్టడి చేసి పంపాను. మర్నాటికి పిల్ల లేచి కూర్చుంది. ఇప్పుడు మన కోళ్ళ వెంటపడి వాటిని బతకనివ్వడం లేదు.

పోయిన చలికాలం గన్నవరం నుంచీ హనుమాన్ జంక్షన్ నుంచీ కూడా పిల్లల్ని ఎత్తుకుని వచ్చారు, నీకు తెలుసుగా. మా ఇంట్లో ఇద్దరు డాక్టర్లు, ఒకరికి తెల్లకోటు ఉంది ఒకరికి లేదు అని మీ నాన్న మరియమ్మ గుడి దగ్గర అందరితో అంటున్నారు. నేనేమీ వద్దనలేదు.

వేళకి తిను. నీ ముద్దులు వాడికి, వాడి ముద్దులు నీకు.

అమ్మ


విజయవాడ, సూర్యారావుపేట,
డిసెంబరు 9

అమ్మా,

నీ ఉత్తరం డ్యూటీ గదిలో నించునే చదివాను. జపమాల సంగతి దగ్గర నేను నవ్వితే నర్సు హన్నా ఏమిటేమిటని అడిగి తనూ నవ్వింది. కింది భాగం తనకి చదివి వినిపించలేదు.

కోపంతో రాస్తున్నాననుకోకు. పోయిన వారం గుడివాడ వైపు నుంచి ఒక పిల్లాణ్ణి మా వార్డుకి తెచ్చారు. అవే విరోచనాలు, అవే ఫిట్లు. నుదుటి మీదా పొట్ట మీదా వాతలు. పెట్టినవాళ్ళెవరో నేను అడగలేదు. నీళ్ళు ఇవ్వొద్దని మాత్రం చెప్పి పంపారట. ఆ తల్లి ఆ మాట జవదాటలేదు. మా దగ్గరకి వచ్చేసరికి వాడి కళ్ళు గుంటలు పడ్డాయి, పొట్ట మీద చర్మం పట్టుకుంటే పట్టుకున్నట్టే నిలిచిపోతోంది. సెలైన్ ఎక్కించడానికి నరం దొరకలేదు. మా పెద్ద డాక్టరు వెంకటకృష్ణారావు గారు చీలమండ దగ్గర కోసి నరం పట్టుకున్నారు. అయినా దక్కలేదు. వాణ్ణి తీసుకుపోయింది ఫిట్లు కాదమ్మా, నీళ్ళు లేకపోవడం.

ఈ చలికాలంలో ఇలాంటి పిల్లలు వస్తూనే ఉన్నారు. మూడేళ్ళ లోపు వాళ్ళే. కడుపులో ఏదో వైరస్ చేరుతుంది. అది కంటికి కనిపించేది కాదు, దానికి మా దగ్గర మందూ లేదు. ముందు వాంతులు, తర్వాత విరోచనాలు, వాటి వెనకే జ్వరం లేకుండానే ఫిట్లు. చూసేవాళ్ళకి ప్రాణం పోతున్నట్టే ఉంటుంది. నేనే, ఇన్ని చూసినదాన్ని, ఇప్పటికీ గుండె దడదడలాడుతూనే సూది పట్టుకుంటాను.

ఒక మాట అడుగుతాను. ఇన్నాసికి ఎప్పుడైనా ఇలా వస్తే వాత పెట్టనని నాకు మాట ఇవ్వు. ఊళ్ళో పిల్లలకి కూడా పెట్టకు. కనీసం నీళ్ళు ఆపించకు. మిగతాది ఎదురుగా ఉన్నప్పుడు చెబుతాను.

నీ అమల


పాతలంక,
డిసెంబరు 14

అమలకు,

నీ కొడుకు బాగున్నాడు.

గుడివాడ వైపు ఎవరో చేసినదానికి తెచ్చి నా వాకిట్లో పంచాయితీ పెట్టావు. నుదుటి మీద నేనెప్పుడైనా పెట్టానా? ఒకటి కాక రెండు పెట్టానా? నా చేతి మీద ఒక్క పిల్ల పోయిందని ఈ చుట్టుపక్కల ఎవరినైనా చెప్పమను. ఒళ్ళు పెనంలా కాలిపోతూ, మెడ బిగిసి, పిలిస్తే పలకని పిల్లల్ని నేను అసలు ముట్టుకోను. ఇది నా వల్ల కాదు, ఆస్పత్రికి పొండి అని వాకిట్లోంచే తరుముతాను. కాళ్ళు పట్టుకున్నా వినను.

నీ సంగతి నువ్వు మరిచిపోయినట్టున్నావు. నీకు ఏడాది నిండాక ఇలాగే విరోచనాలు పట్టుకుని ఫిట్లు వచ్చాయి. వాత పెట్టే ముసలమ్మ చుట్టాలింటికి పోయింది. మీ నాన్న డాక్టరు కోసం సైకిలు మీద ఉయ్యూరు వెళ్ళారు. ఇంట్లో నేనూ మీ మేనత్తా. నాకు అప్పటికి ఇరవై కూడా నిండలేదు. పొయ్యిలో కట్టె ఎగదొయ్యడానికి కూడా భయపడేదాన్ని. అలాంటిది పసుపుకొమ్ము కాల్చి కన్నకూతురి పొట్ట మీద పెట్టాను. వెనకాడలేదు. నువ్వు బతికావు. అది చూసే ఊరు నా దగ్గరకి రావడం మొదలుపెట్టింది. నువ్వేమో బతికి, చదివి, తెల్లకోటు వేసుకుని, ఆ చెయ్యి ముడుచుకుని కూర్చోమని నాకే ఉత్తరం రాశావు.

మాట ఇవ్వమన్నావు. ఇవ్వను. నా మీద నమ్మకం లేకపోతే క్రిస్మస్‌కి వస్తావుగా, నీ కొడుకుని తీసుకుపో.

అమ్మ


విజయవాడ,
డిసెంబరు 20

అమ్మా,

క్రిస్మస్‌కి రాలేను. వార్డులో ఒక మంచానికి ఇద్దరు పిల్లలున్నారు. ఇన్నాసిని తీసుకురాను. వాడు నీ దగ్గరే ఉంటాడు. నీకంటే బాగా వాణ్ణి చూసుకునేవాళ్ళు నాకు తెలీదు. ఇక్కడినుంచి నేను రాసేదానికి నీకు కోపం వస్తుంది. ఎంత వచ్చినా ఈ పై మాట మరిచిపోకు.

నా పొట్ట మీద మచ్చ నేనెలా మరిచిపోతాను? గుంటూరు హాస్టల్లో స్నేహితురాళ్ళు చూసి అడిగితే, అది మా అమ్మ సంతకం అని చెప్పేదాన్ని. సిగ్గుపడి కాదు, గొప్పగా చెప్పేదాన్ని. ఇరవై నిండని పిల్ల, మొగుడు ఇంట్లో లేడు, ఒళ్ళో బిడ్డ కొట్టుకుంటోంది. తనకి తెలిసిన ఒకే ఒక్క దారి పట్టుకుని ధైర్యంగా చేసింది. ఆ ధైర్యం లేకపోతే నేను డాక్టరునయ్యేదాన్ని కాదు.

పోయిన ఉత్తరంలో ఒక సంగతి దాచాను. నీకు బాధ కలుగుతుందని దాచాను. ఈ విరోచనాల ఫిట్లు వాటంతట అవే ఆగిపోతాయమ్మా. ఒకటి పోయాక ఇంకొకటి వస్తుంది, మధ్యలో పిల్లలు మామూలుగా చూస్తారు, పాలు తాగుతారు. ఆ రోజో మర్నాడో ఆగిపోతాయి. మా వార్డులో వాతతో వచ్చినవాళ్ళకీ ఆగాయి, వాత లేకుండా వచ్చినవాళ్ళకీ ఆగాయి. పెద్దయ్యాక మూర్ఛరోగమూ రావడం లేదు. పెద్ద డాక్టరు గారు ఏళ్ళ తరబడి చూసి చెబుతున్న మాట ఇది. నువ్వు వాత పెట్టకపోయినా మార్త లేచి కూర్చునేది. నేనూ బతికేదాన్ని. ఇది రాయడానికి మూడు కాగితాలు చింపాను.

మెడ బిగిసిన పిల్లల్ని ముట్టుకోకుండా పంపించేస్తానన్నావు చూడు, అది చదివి మా అమ్మ అనుకున్నాను. అవి మెదడుకి పట్టిన జబ్బులు. ఏది ఏదో తేల్చుకోవడానికే మేం వెన్నులోంచి నీరు తీసి చూస్తాం, రక్తంలో చక్కెరా ఉప్పూ చూస్తాం. ఇంటి దగ్గర ఎంత తెలిసినవాళ్ళకైనా అది తేలదు. అందుకని ఫిట్లు వచ్చిన ఏ బిడ్డనైనా ఆస్పత్రికి తేవాల్సిందే.

ఇన్నాసికి వస్తే ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టు. నోట్లో ఏమీ పెట్టకు. పూర్తిగా తెలివి వచ్చాక, కాచి చల్లార్చిన నీళ్ళలో పంచదారా చిటికెడు ఉప్పూ కలిపి చెంచాతో పోస్తూ ఉండు. వాణ్ణి ఎత్తుకుని బస్సెక్కు. మాట ఇవ్వమని ఇక అడగను.

నీ అమల


పాతలంక,
1975 జనవరి 19

అమలా,

వాణ్ణి నీ దగ్గర వదిలి బస్సెక్కాక కంకిపాడు దాకా ఏడుస్తూనే వచ్చాను. పక్కసీటు ఆవిడ ఎవరో పోయారనుకుని నన్ను ఓదార్చింది. మనవడు బాగైపోయాడమ్మా అందుకే ఏడుస్తున్నాను అంటే జరిగి కూర్చుంది.

ఆస్పత్రిలో వాణ్ణి చూడగానే నువ్వు నిలువునా కూలబడ్డావు. డాక్టరువన్న మాటే మరిచిపోయావు. అందుకని ఇంటి దగ్గర జరిగింది అక్కడ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను, విను.

వాడికి వాంతులు పట్టుకున్నప్పుడే నాకు అనుమానం వచ్చింది. మర్నాడు విరోచనాలు. మధ్యాహ్నం అరుగు మీద ఆడుకుంటూ ఆడుకుంటూ పక్కకి ఒరిగిపోయి కొట్టుకున్నాడు. మీ మేనత్త కేకకి వీధంతా పోగైంది. ఫ్యాక్టరీకి చెరుకు తోలే బళ్ళు కూడా ఆపేసి జనం దిగారు. ఇన్నేళ్ళుగా వాళ్ళ పిల్లలకి చేసినదాన్ని, నా మనవడికి చేస్తానని అందరూ నా చెయ్యే చూస్తున్నారు. ఫిట్టు తగ్గింది. ఊపిరి పీల్చుకునేలోగా రెండోది వచ్చింది. తెరేసమ్మ అప్పటికే పసుపుకొమ్ము కాల్చి తెచ్చి నా చేతిలో పెట్టింది. పెట్టు వదినా, పిల్లాడు పోతున్నాడు అంటోంది. మీ నాన్న గోడకి ఆనుకుని నించున్నారు.

నీ ఉత్తరం నమ్మి ఆగాననుకోకు. నమ్మలేదు. వాటంతట అవే ఆగిపోతాయట అని మీ నాన్నతో వెటకారం కూడా చేశాను. కానీ నువ్వు వాణ్ణి తీసుకుపోలేదు. తీసుకుపొమ్మని నేనే రెచ్చగొట్టినా తీసుకుపోలేదు. డాక్టరువి, కన్నతల్లివి, నేను వాత పెడతానేమోనని తెలిసీ వాణ్ణి నా చేతిలోనే ఉంచావు. ఆ చేత్తో ఎలా కాల్చను? కొమ్ముని కుండలో నీళ్ళలో పడేశాను. అది చుయ్యిమంది. నాకు భయం వేసింది అమలా. నీకు పెట్టినప్పుడు వెయ్యని భయం అప్పుడు వేసింది. పక్కకి తిప్పి పడుకోబెట్టాను. తెలివి వచ్చాక నువ్వు చెప్పిన నీళ్ళు సీసాలో పోసుకుని, చెరుకు లారీ ఎక్కి ఉయ్యూరు, అక్కడినుంచి బస్సు. బస్సులో ఇంకోసారి వచ్చింది. కండక్టరు పాపం వాడి చేతిలో ఇనుముండాలని తన తాళాలగుత్తి తీసి పెట్టబోయాడు. వద్దు బాబూ, కాస్త చోటివ్వు చాలు అన్నాను. దారిపొడుగునా చెంచాతో పోస్తూనే ఉన్నాను. పిల్లవాడు వార్డులోకి వచ్చేసరికి ఉచ్చ పోసి నా చీర తడిపేశాడు, చూశావుగా.

నిన్న ఇల్లు చేరేసరికి వాకిట్లో దానమ్మ ఉంది. చంకన చంటివాడు, పక్కన మార్త. పిల్ల గౌను పైకెత్తి మచ్చ చూపించింది.

“మా పిల్లని కాల్చావు. నీ మనవడికి చెయ్యి రాలేదా పిన్నీ?”

గట్టిగా కూడా అనలేదు. తిట్టినా బాగుండేది.  లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాను. ఊళ్ళో ఇప్పుడు అందరి నోటా అదే మాట. ఇవాళ ఆదివారం పూజకి కూడా గుడికి వెళ్ళలేదు.

వాడు ఎలా ఉన్నాడో రాయి.

అమ్మ


విజయవాడ,
జనవరి 24

అమ్మా,

నీ మనవడు నర్సు హన్నా గడియారం కొరికేశాడు. వెన్నునీరు శుభ్రంగా ఉంది. రక్తంలో ఏ తేడా లేదు. నువ్వు తెచ్చిన ఆ సాయంత్రం తర్వాత మళ్ళీ ఫిట్టు రాలేదు. ఇలాంటి పిల్లలకి కొందరు డాక్టర్లు మూర్ఛ మాత్రలు రాసి రెండేళ్ళ పాటు మింగిస్తారు. పిల్లలు మత్తుగా పడి ఉంటారు. పెద్ద డాక్టరు గారు ఇన్నాసికి అవి అక్కర్లేదనేశారు. మళ్ళీ వస్తుందేమోనని నేను నసిగితే, “తల్లిగా అడుగుతున్నావా, డాక్టరుగా అడుగుతున్నావా అమ్మాయ్?” అన్నారు. తల్లిగానే అన్నాను. అయితే ఇంటికెళ్ళి నిద్రపో అన్నారు.

ఇంకో మాట. దూరం నుంచి వచ్చిన పిల్లాడు ఇలా కళకళలాడుతూ ఉండటం ఆయన ఈ నెలలో చూడలేదట. దారిలో ఎవరు నీళ్ళు పట్టించారని అడిగారు. మా అమ్మ అని చెప్పాను. వార్డు చివరి మంచం దాకా వినపడేట్టు చెప్పాను.

నువ్వు కుండలో పడేసిన సంగతి చదివి ఎంత ఏడ్చానో రాయను. నువ్వు నా ఉత్తరాన్ని నమ్మలేదు, నేను నిన్ను నమ్మడం మానలేదు. అది చాలు నాకు.

దానమ్మ సంగతి ఇలా చెయ్యి. నా మీదకి తోసెయ్యి. మా అమ్మాయి డాక్టరు, దాని బిడ్డ, దాని బలవంతం, నన్ను చెయ్యనివ్వలేదు అని చెప్పు. ఊరు నన్ను తిట్టుకుంటే నాకేం, నేను అక్కడ లేనుగా.

నీ అమల


పాతలంక,
ఫిబ్రవరి 2

అమలా,

నీ మీదకి తోసెయ్యాలా? బాగానే నేర్పుతున్నావు. నా జన్మలో ఒకరి వెనక దాక్కున్నానా, ఇప్పుడు కన్నకూతురి వెనక దాక్కోవడానికి?

మొన్న మధ్యాహ్నం వాళ్ళు చెరుకు కొడుతున్న చేలోకే వెళ్ళాను. అందరూ గట్టు మీద కూర్చుని అన్నాలు తింటున్నారు. మంచిదే అనుకున్నాను, చాటున చెప్పే మాట కాదు. దానమ్మ ఎదురుగా నించుని అందరికీ వినపడేట్టు చెప్పాను. “మార్తకి నాకు తెలిసింది చేశాను. ఇన్నాసికి నా కూతురు తెలుసుకున్నది చేశాను. నా చెయ్యి అప్పుడూ దొంగది కాదు, ఇప్పుడూ కాదు. ఇకమీదట ఎవరి బిడ్డకైనా ఇన్నాసికి చేసిందే. వాత కావాలనుకునేవాళ్ళు నా గడప ఎక్కొద్దు.”

 ఇశ్రాయేలు తింటున్నవాడల్లా లేచి నించున్నాడు. దానమ్మ తలెత్తలేదు. మార్త అక్కడే చెరుకుముక్క నములుతోంది. ఆ పిల్ల గౌను కింద మచ్చే నా కళ్ళలో మెదిలింది. అది నీతోనే అంటున్నాను, అక్కడ అనలేదు.

ఆ తర్వాత ఇద్దరు పిల్లలకి ఫిట్లు వస్తే కాలవ అవతల వాత పెట్టే ఇంకో ముసలమ్మ దగ్గరకి తీసుకుపోయారని తెలిసింది. మన వాకిలి ముందు నుంచే, తల పక్కకి తిప్పుకుని వెళ్ళారు. మీ మేనత్త ఏడ్చింది. నేను ఏడవలేదు, వెనకాలే వెళ్ళి పిల్లలకి నీళ్ళు పొయ్యండే అని కాలవగట్టు మీద నించుని అరిచాను. ఒక తల్లి వెనక్కి తిరిగి చూసింది, అంతే.

ఎప్పుడూ చెప్పుకోవడానికి ఏదో ఒక గొప్ప ఉండేది. ఈసారి లేదు. ఇన్నాసికి ముద్దులు.

అమ్మ


పాతలంక,
ఫిబ్రవరి 20

డాక్టర్ అమలమ్మ గారికి,

ఈ చీటీ తెచ్చినవారు దానమ్మ, ఆమె భర్త ఇశ్రాయేలు. పిల్లవాడు పౌలు, వాళ్ళ చంటివాడు, ఏడాది ఇంకా నిండలేదు. నిన్నటి నుంచి వాంతులు, నీళ్ళ విరోచనాలు. ఈ పొద్దున రెండుసార్లు ఫిట్లు వచ్చాయి. ఒళ్ళు వేడి లేదు. మెడ బిగియలేదు. రెండిటి మధ్యా తల్లిని గుర్తుపట్టాడు, పాలు తాగాడు. ఇవి నేను చూసినవి. తేల్చవలసింది మీరు.

పక్కకి తిప్పి పడుకోబెట్టాను. నోట్లో ఎవరినీ ఏమీ పెట్టనివ్వలేదు. తెలివి వచ్చాక ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు చెంచాతో పోశాను. దారిలో పొయ్యడానికి సీసా ఇచ్చాను. బయలుదేరే ముందు ఉచ్చ పోశాడు.

నేను వెంట రాలేకపోయాను. ఊళ్ళో ఇంకా ఇద్దరు పిల్లలకి విరోచనాలు పట్టుకున్నాయి. తల్లులు మా అరుగు మీదే ఉన్నారు. తెరేసమ్మ నీళ్ళు కాస్తోంది. ఫిట్లు వస్తే వాళ్ళనీ పంపుతాను.

వాత పెట్టలేదు. పెట్టమని దానమ్మ అడగలేదు. కాలవ దాటకుండా నేరుగా మా ఇంటికి వచ్చి, బిడ్డని నా ఒళ్ళో పెట్టి, “ఇన్నాసికి చేసిందే మావాడికీ చెయ్యి పిన్నీ” అంది.

చేశాను. మిగతాది మీరు చూడగలరు.

ఇట్లు,
శౌరమ్మ